మూడోవంతు ఆవు

పాడిపశువు కోసం బ్యాంకులో అప్పు అడిగే రైతు దరఖాస్తులో పశువు ధర పక్కనే సబ్సిడీకి ఒక గడి ఉంటుంది. దశాబ్దాల పాటు ఆ గడిలో ఎక్కువగా పడుతూ వచ్చినవి రెండే అంకెలు. ఒకటి 25 శాతం, రెండోది 33.33 శాతం. చిన్న రైతుకు ఆవు ఖరీదులో పావువంతు, అంతకన్నా పేదవాడికి మూడోవంతు సర్కారు ఇచ్చేది, మిగిలింది బ్యాంకు అప్పు. పథకాల పేర్లు మారాయి, ఢిల్లీలోనూ రాష్ట్రాల్లోనూ ప్రభుత్వాలు మారాయి, ఆవు ధర వందల్లోంచి వేలకు, వేలల్లోంచి లక్షకు ఎగబాకింది. ఆ భిన్నం మాత్రం చెక్కుచెదరలేదు. ఎవరు కట్టారు ఈ లెక్క? ఎందుకు కట్టారు? కట్టినవాళ్ళు ఏది చూశారు, ఏది చూడలేదు? కోయంబత్తూరు జిల్లా మేట్టుపాళయం నుంచి చూస్తే ఈ కథ బాగా తెలుస్తుంది, ఎందుకంటే ఇందులోని పాత్రల్లో కొందరు ఆ చుట్టుపక్కలవాళ్ళే.

మేట్టుపాళయం నీలగిరుల పాదాన, భవానీ నది ఒడ్డున ఉంది. 1899 నుంచి కూనూరుకు కొండరైలు ఎక్కేది ఇక్కడి నుంచే. కొండమీది బంగాళాదుంప, క్యారెట్ ఇక్కడి మండీలకు దిగుతాయి. చుట్టూ అరటి, పోక, కొబ్బరి, కరివేపాకు తోటలు. విజయనగర రాజుల కాలంలోనూ, 16వ శతాబ్దంలో మొదలైన మదురై నాయకుల పాలనలోనూ దక్షిణానికి కదిలిన తెలుగు కుటుంబాల వారసులు ఈ జిల్లా అంతటా ఉన్నారు. కమ్మ నాయుళ్ళు, బలిజలు, రాజకంబళం నాయకర్లు, అరుంధతీయులు అందరూ ఇంట్లో మాట్లాడేది తెలుగే. బడిలో నేర్చింది అరవం. సబ్సిడీ దరఖాస్తు కూడా అరవంలోనే నింపుతారు.

అయితే ఒకే భాష మాట్లాడే ఈ ఇళ్ళలో పశువుల కొట్టాలు ఒకలా ఉండవు. ఒకరికి నాలుగైదు ఎకరాలు, బావి, మోటారు, గట్టు పొడుగునా పచ్చగడ్డి. ఇంకొకరికి ఊరి చివర ఇల్లు, ఇంటి ముందు గుంజకు కట్టిన ఒకే ఆవు, రోజూ ఎవరి చేలోనో కోసుకొచ్చే గడ్డిమోపు. కాగితం మీద సర్కారు మొదటివారికి పావువంతు, రెండోవారికి మూడోవంతు ఇచ్చింది. కాగితం బయట ఇచ్చినవాటిని కూడా లెక్కవేస్తే తూకం తిరగబడుతుంది. ఎలాగో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

సర్కారు రాకముందు కోయంబత్తూరు చుట్టుపక్కల కొంగునాడులో ఆవును పెంచింది పాలకోసం కాదు, ఎద్దుకోసం. కాంగేయం జాతి అందుకే పుట్టింది. మోట తోలాలి, బండి లాగాలి, మెట్ట దున్నాలి. కాంగేయం ప్రాంతపు రైతులు పశువుల మేతకోసం తయారుచేసుకున్న పద్ధతిని కొరంగాడు అంటారు. మెట్టచేను చుట్టూ ముళ్ళకిళువ కంచె పెంచి, లోపల కొళుకట్టై గడ్డి మొలిపించి, నడుమ తెల్లతుమ్మ చెట్లు వదిలి, చేనును గళ్ళుగా పంచి ఒక్కో గడిలో కొన్నాళ్ళు పశువుల్ని వదులుతారు. వర్షం తక్కువైనా ఆ గడ్డి చావదు. ఏ ఆఫీసూ చెప్పలేదు, ఏ రూపాయీ ఇవ్వలేదు. ఈ కథలో మొట్టమొదటి ఆవిష్కరణ ఇదే అని నా అభిప్రాయం. దానికి పేరూ తేదీ లేకపోవడం వల్ల విలువ తగ్గదు.

పశువంటే ఉన్న మమకారం సంగతి చెప్పనక్కర్లేదు. ఉడుమలైపేట దగ్గరి సోమవారపట్టిలో ఆల్కొండమాల్ గుడికి సంక్రాంతి రోజుల్లో రైతులు తమ ఆవుల పాలు తెచ్చి అభిషేకానికి ఇస్తారు, మట్టితో చేసిన ఆవు బొమ్మలు మొక్కుగా పెడతారు. రాజకంబళం నాయకర్ల ఊళ్ళలో కాలికి గజ్జెలు కట్టిన ఎద్దును ఉరుమి వాయిద్యంతో ఆడించే ఆట ఇప్పటికీ ఉంది. పాలు అమ్ముకోవడం మాత్రం ఈ ఊళ్ళకు తర్వాత వచ్చిన సంగతి. అమ్మాలంటే మూడు కావాలి: పాల నాణ్యతను కొలిచే సాధనం, ఎక్కువ పాలిచ్చే ఆవు, పాలు విరిగేలోగా పట్నం చేర్చే దారి. మూడూ ఎక్కడెక్కడో పుట్టి ఇక్కడికి చేరాయి.

కొలత సంగతి ముందు చూద్దాం. పాలను లీటరు లెక్కన కొన్నంతకాలం నీళ్ళు కలిపినవాడికే లాభం. చిక్కటి పాలు పోసిన రైతు అన్యాయమైపోయేవాడు. 1890లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ బాబ్‌కాక్ అనే రసాయన శాస్త్రవేత్త పాలలో ఆమ్లం పోసి, గాజు సీసాను గిరగిరా తిప్పి, వెన్నను పైకి తేల్చి, సీసా మెడ మీది గీతలతో దాని శాతం చెప్పే పద్ధతి కనిపెట్టాడు. దానిమీద పేటెంటు తీసుకోలేదు, ఎవరైనా వాడుకోమన్నాడు. వెంటనే స్విట్జర్లాండ్‌లో నిక్లాస్ గెర్బర్ అమైల్ ఆల్కహాల్ చేర్చి మరింత సులువైన పద్ధతి తెచ్చాడు. మన దేశంలో పల్లె పాల సొసైటీలన్నీ ఏళ్ళ తరబడి నడిచింది గెర్బర్ గాజు గొట్టంతోనే. యంత్రాలు తర్వాత వచ్చాయి. వెన్న శాతం, వెన్న కాని ఘనపదార్థాల శాతం రెండూ చూసి ధర కట్టే పద్ధతి ఆ గొట్టంలోంచే పుట్టింది. ఇవాళ ప్రభుత్వం లీటరుకు ఇన్ని రూపాయలు ప్రోత్సాహకం అని ప్రకటించగలుగుతోందంటే, ఆ డబ్బు నీళ్ళు కలిపినవాడికి కాక పాలు పోసినవాడికి చేరుతోందంటే, బాబ్‌కాక్, గెర్బర్‌ల పుణ్యమే.

ఇక ఎక్కువ పాలిచ్చే ఆవు. మన దేశంలో కృత్రిమ గర్భధారణ మొదటిసారి 1939లో మైసూరు ప్యాలెస్ డెయిరీ ఫారంలో డాక్టర్ సంపత్ కుమారన్ చేతిమీదుగా జరిగింది. కానీ అప్పటికి వీర్యాన్ని ఎక్కువ రోజులు నిలవ ఉంచడం తెలీదు. కోడె ఉన్నచోటే పని. ఆ చిక్కు 1949లో ఇంగ్లండులో విడిపోయింది, అదీ అనుకోకుండా. క్రిస్ పోల్జ్, ఆడ్రీ స్మిత్, ఆలన్ పార్క్స్ కోడిపుంజు వీర్యాన్ని చక్కెర ద్రావణంలో గడ్డకట్టించి చూస్తున్నారు, బతకడం లేదు. ఒకరోజు బతికింది. ఎందుకా అని ఆరాతీస్తే సీసాల మీది చీటీలు తారుమారయ్యాయి, చక్కెర అనుకుని వాడినదాంట్లో గ్లిజరిన్ ఉంది. ఆ చీటీ తప్పు వల్లే ఇవాళ ఒక్క కోడె వేల మైళ్ళ అవతల వేల దూడలకు తండ్రి అవుతోంది.

మేట్టుపాళయానికి మాత్రం వేల మైళ్ళు అక్కర్లేకపోయింది. జెర్సీ జాతికి చల్లటి గాలి పడుతుంది కనక పైన ఊటీలోనే జెర్సీ కోడెల ఫారం పెట్టారు. ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల చలిలో నిలవ ఉంచిన వీర్యపు గొట్టాలు పశువైద్యశాలలకు వెళ్ళి, అక్కడి నుంచి రైతుల కొట్టాలకు చేరాయి. కాంగేయం, నాటు ఆవుల కడుపున జెర్సీ సంకర దూడలు పుట్టాయి. రెండు మూడు లీటర్లు ఇచ్చే ఇంట్లో ఎనిమిది, పది లీటర్లు వచ్చాయి. ఒక్కో గొట్టం తయారీకీ రవాణాకూ అయ్యే ఖర్చుతో పోలిస్తే రైతు కట్టే రుసుము నామమాత్రం. ఆ తేడా అంతా ప్రభుత్వానిదే. దాన్ని ఎవరూ సబ్సిడీ అనరు, కానీ తమిళనాడు పాడిని మార్చిన సబ్సిడీల్లో అదొకటి.

మూడోది దారి. ఇక్కడ ఒక పేరు వస్తుంది, ఆ పేరు విని ఈ ప్రాంతంవాళ్ళు సంతోషించాలి. వర్ఘీస్ కురియన్ కోళికోడ్‌లో పుట్టినా చదువుకున్నది గోబిచెట్టిపాళయంలో. అప్పట్లో అది కోయంబత్తూరు జిల్లాలోదే. తండ్రి అక్కడి ప్రభుత్వాసుపత్రిలో సివిల్ సర్జన్. మేట్టుపాళయం దాటిన భవానీ నది సత్యమంగళం మీదుగా వెళ్ళేది ఆ గోబి వైపే. 1949లో కురియన్ గుజరాత్‌లోని ఆనంద్ చేరాడు. 1946లోనే అక్కడ కైరా పాల రైతుల సహకార సంఘం పుట్టి ఉంది. ఆ సంఘానికి పెద్ద సమస్య చలికాలం. అప్పుడు గేదెలు పుష్కలంగా పాలిస్తాయి, కొనేవాళ్ళు ఉండరు. ఆవు పాలను పొడి చేయవచ్చు, గేదె పాలను చేయలేమని విదేశీ నిపుణులు తేల్చేశారు. కురియన్ స్నేహితుడు హరిచంద్ మేఘా దలాయా చేసి చూపించాడు. 1955 అక్టోబరు 31న ఆనంద్‌లో నెహ్రూ ప్రారంభించిన ఫ్యాక్టరీ ప్రపంచంలో గేదె పాలపొడి చేసిన మొదటి ఫ్యాక్టరీ.

అంతకంటే పెద్ద ఆవిష్కరణ యంత్రంలో కాదు, లెక్కలో జరిగింది. 1960ల చివర్లో యూరప్‌లో పాలపొడి, వెన్న గుట్టలుగా పేరుకుపోయాయి. వాళ్ళ ప్రభుత్వాలు రైతులకిచ్చిన సబ్సిడీల వల్లే ఆ గుట్టలు. అవి మన పేదదేశానికి ఉచితంగా వచ్చిపడితే మన రైతు పాలకు ధర ఉండదు. వద్దంటే మరో దేశానికి వెళ్తాయి. కురియన్ వాటిని తీసుకున్నాడు, కానీ ఉచితంగా పంచలేదు. ఐక్యరాజ్యసమితి ప్రపంచ ఆహార కార్యక్రమం ద్వారా వచ్చిన 1,26,000 టన్నుల పాలపొడి, 42,000 టన్నుల వెన్ననూనెను బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు నగరాల డెయిరీలకు మన పాల ధరకు తగ్గకుండా అమ్మించి, వచ్చిన డబ్బుతో పల్లెల్లో శీతలీకరణ కేంద్రాలు, ట్యాంకర్లు, ఫ్యాక్టరీలు కట్టించాడు. 1970లో మొదలై 1996 దాకా నడిచిన ఆపరేషన్ ఫ్లడ్ అదే. యూరప్ రైతుకు అక్కడి సర్కారు ఇచ్చిన సబ్సిడీ తిరిగి తిరిగి మన పల్లెలో పాలడబ్బా పెట్టే సొసైటీ గది అయింది. ఆవు కొనివ్వడానికి పైసా ఖర్చు చేయలేదు, పాలు వెళ్ళే దారి మీద ఖర్చు చేశారు. తమిళనాడులో ఆనంద్ పద్ధతి సంఘాలన్నిటికీ పైన 1981 ఫిబ్రవరి 1న రాష్ట్ర సమాఖ్య ఏర్పడింది, ఆవిన్ అన్న పేరు దానిదే. కోయంబత్తూరు జిల్లా యూనియన్ డెయిరీ పచ్చాపాళయంలో ఉంది.

సరే, ఆవు ఎవరిది? దారి ఉంది, కొలత ఉంది, కోడె ఉంది. ఆవు లేని ఇంటికి ఇవేవీ పనికిరావు. మూడోవంతు కథ ఇక్కడ మొదలవుతుంది. దీని వెనక ఒక తెలుగు పేరుంది, బి. వెంకటప్పయ్య. ఐసీఎస్ అధికారి. 1951లో రిజర్వు బ్యాంకు దేశమంతటా పల్లె అప్పుల మీద సర్వే చేయించినప్పుడు దాన్ని నడిపిన గోర్వాలా సంఘంలో సభ్యుడు. రైతు తీసుకునే అప్పులో సహకార సంఘాల వాటా మూడు శాతమే, దాదాపు డెబ్భై శాతం వడ్డీ వ్యాపారులదని ఆ సర్వే బయటపెట్టింది. ఆ నివేదిక ఫలితంగానే 1955లో ఇంపీరియల్ బ్యాంకు స్టేట్ బ్యాంకుగా మారింది. వెంకటప్పయ్య తర్వాత ఆ స్టేట్ బ్యాంకుకే ఛైర్మన్ అయ్యాడు. 1966లో రిజర్వు బ్యాంకు మళ్ళీ ఒక గ్రామీణ రుణ సమీక్షా సంఘం వేసినప్పుడు దాని అధ్యక్షత ఆయనకే అప్పగించింది.

1969లో వచ్చిన ఆ నివేదిక ఒక కఠినమైన నిజం చెప్పింది. హరిత విప్లవపు విత్తనం, ఎరువు, అప్పు అన్నీ పెద్ద రైతు గుమ్మం దగ్గరే ఆగిపోతున్నాయి. చిన్న రైతుకోసం ప్రత్యేకంగా ఒక సంస్థ ఉండాలి. అలా చిన్న రైతుల అభివృద్ధి ఏజెన్సీ పుట్టింది, దానికి జంటగా సన్నకారు రైతులకూ కూలీలకూ ఇంకొకటి. నాలుగో ప్రణాళికలో మొదటిది 46 చోట్ల, రెండోది 41 చోట్ల నడిచింది. అదే 1969లో 14 బ్యాంకులు జాతీయమయ్యాయి. బ్యాంకు తలుపు తెరుచుకుంది, కానీ లోపలికి వెళ్ళిన పేదవాణ్ణి మేనేజరు మొదట అడిగే ప్రశ్న ఒకటే: నీ వంతు ఎంత పెట్టుకుంటావు? ఆవు ఖరీదులో కొంత రైతు తెచ్చుకుంటేనే మిగతాది బ్యాంకు ఇస్తుంది. కూలి చేసుకునే ఇంట్లో ఆ వంతు ఎక్కడిది? ఆ వంతును ప్రభుత్వం భరించడమే సబ్సిడీ. చిన్న రైతుకు 25 శాతం, సన్నకారు రైతుకూ కూలీకీ 33.33 శాతం అని ఏజెన్సీల నిబంధనల్లో రాశారు. అంటే మూడోవంతు దానం కాదు. బ్యాంకు గుమ్మం దాటడానికి పేదవాడి చేతిలో పెట్టిన ముడుపు. ఆ ఆలోచనలో నాకు గొప్ప మానవత్వం కనిపిస్తుంది. పేదవాడు అప్పు తీర్చడని కాదు, మొదటి అడుగు వేయడానికి అతని చేతిలో ఏమీ లేదని గుర్తించిన ఆలోచన అది.

1978లో సమగ్ర గ్రామీణాభివృద్ధి కార్యక్రమం, అందరి నోళ్ళలో ఐఆర్‌డీపీ, అదే లెక్కను అందుకుంది. 1980 అక్టోబరు 2 నుంచి దేశంలోని అన్ని బ్లాకులకూ విస్తరించింది. బ్లాకుకు ఏటా 600 కుటుంబాలు లక్ష్యం. ఆ కుటుంబాలు కోరుకున్నవాటిలో పాడిపశువుదే పెద్దపీట. ఊళ్ళలో లోను ఆవు, లోను గేదె అన్న మాట పుట్టింది అప్పుడే.

లోను ఆవులు చాలా ఇళ్ళలో నిలవలేదు. సబ్సిడీ వస్తోందని తెలిసిన సంతలో ధర ఆ మేరకు పైకి లేచేది. మూడోవంతు ఇంటికి చేరకముందే దళారి చేతిలో పడేది. ఒకే పశువును పలువురి పేర చూపించిన ఉదంతాలు ఎన్నో ఊళ్ళలో వినబడ్డాయి. 1985లో ఆర్థికవేత్త నీలకంఠ రథ్ ఈ కార్యక్రమం పేదరికాన్ని తొలగించగలదా అని సూటిగా ప్రశ్నిస్తూ వ్యాసం రాశాక దేశమంతా వాదోపవాదాలు నడిచాయి. మోసాలు అటుంచి, నిజాయితీగా ఆవును తెచ్చుకున్న ఇల్లు కూడా ఓడిపోయిన కారణం ఇంకోటి ఉంది. ఆవు ఏడాదంతా పాలివ్వదు. ఈనిన తర్వాత పది నెలలు ఇస్తే, తర్వాతి ఈతకు ముందు రెండు నెలలు వట్టిపోతుంది. చూడి నిలవకపోతే ఇంకా ఎక్కువ. బ్యాంకు వాయిదా మాత్రం నెలనెలా వస్తుంది. ఈ చిక్కు చూశాకే రెండు పశువుల పథకం వచ్చింది. ఒకటి ఇప్పుడు, రెండోది ఆరు నెలలు గడిచాక. ఒకటి వట్టిపోయేసరికి రెండోది పాలమీద ఉంటుంది. ఎవరి పేరూ లేని ఇంకో ఆవిష్కరణ ఇది. ఆవు కడుపు లెక్కను బ్యాంకు ఖాతా లెక్కతో కుదిర్చారు.

మోసాలకు మందు ఆలస్యంగా వచ్చింది. 2010 సెప్టెంబరులో నాబార్డు ద్వారా మొదలైన పాడి పారిశ్రామిక అభివృద్ధి పథకం మళ్ళీ అదే 25, అదే 33.33 శాతాన్ని పెట్టుకుంది. కానీ సబ్సిడీ రైతు చేతికి ముందే వచ్చేది కాదు. బ్యాంకు దగ్గర విడిగా ఉంచి, అప్పు సక్రమంగా కడుతూ వస్తే చివరి వాయిదాల కింద జమచేసేవారు. దళారికి దారి మూసుకుపోయింది, నిజమే. దాంతోపాటే, మొదట ఈ మూడోవంతు ఎందుకు పుట్టిందో ఆ కారణమూ మాసిపోయింది. గుమ్మం దాటడానికి ఇవ్వాల్సిన ముడుపు ఇల్లంతా కట్టుకున్నాక చివర్లో వచ్చింది. సొంత వంతు పెట్టుకోగలిగినవాళ్ళు పది ఆవుల డెయిరీలు పెట్టారు, బాగుపడ్డారు కూడా. లేనివాళ్ళు మళ్ళీ గుమ్మం బయటే. ఆ పథకమూ ఇప్పుడు లేదు. 2020లో 15,000 కోట్లతో మొదలైన పశుసంవర్ధక మౌలిక వసతుల నిధి మూడు శాతం వడ్డీ రాయితీ పెట్టింది, కానీ అది ప్రధానంగా ఫ్యాక్టరీలు, దాణా మిల్లులు పెట్టేవారికోసం.

కాగితం మీద కనపడని సబ్సిడీ సంగతి ఇక చెప్పాలి. దాని కథానాయకుడు కూడా తెలుగువాడే. కోయంబత్తూరుకు ఉత్తరాన ఉన్న వైయంపాళయంలో 1925లో పుట్టిన సి. నారాయణస్వామి నాయుడు. 1970లో వ్యవసాయ మోటార్ల కరెంటు యూనిట్ ధర ఎనిమిది పైసల నుంచి పదికి పెంచితే రైతుల్ని కూడగట్టాడు. ఆ జూన్ 19న పెరుమానల్లూరులో పోలీసు కాల్పుల్లో ముగ్గురు రైతులు చనిపోయారు. ప్రభుత్వం ఒక పైసా తగ్గించింది. ఆ పైసా వెనక మూడు ప్రాణాలున్నాయి. 1972లో నాయుడు వేల ఎద్దుబళ్ళతో కోయంబత్తూరును దిగ్బంధం చేశాడు. 1984 డిసెంబరులో ఆయన కన్నుమూశాడు. 1990లో తమిళనాడు ప్రభుత్వం వ్యవసాయానికి ఉచిత విద్యుత్ ఇచ్చింది. ఈ పోరాటం పాలకోసం జరిగింది కాదు. కానీ కోయంబత్తూరు జిల్లాలో లోతు బావిలోంచి, అంతకన్నా లోతు బోరులోంచి నీళ్ళు తోడనిదే పచ్చగడ్డి లేదు, పచ్చగడ్డి లేనిదే సంకరజాతి ఆవు పాలివ్వదు. కనక ఉచిత విద్యుత్ ఈ జిల్లా పాడికి దక్కిన అతిపెద్ద సబ్సిడీ. అది బావి ఉన్నవాళ్ళకే దక్కింది.

ఆ నీళ్ళు తాగే గడ్డి కూడా కోయంబత్తూరు బిడ్డే. 1906లో సైదాపేట నుంచి వ్యవసాయ కళాశాల మారి వచ్చిన కోయంబత్తూరు, చెరకులోనూ చిరుధాన్యాలలోనూ సంకరాలకు పేరుపడ్డ చోటు. ఆఫ్రికా నుంచి నేపియర్ గడ్డి మన దేశానికి వచ్చింది. రొడీషియాలో దాన్ని సాగులోకి తెమ్మని పట్టుబట్టిన కల్నల్ నేపియర్ పేరే దానికి నిలిచింది. విపరీతంగా పెరుగుతుంది, కానీ కాడ గట్టి, ఆకు గరుకు. సజ్జ మెత్తన, తీపి, కానీ ఒక్క పంటతో సరి. రెండింటినీ కలిపితే? అమెరికాలోని జార్జియాలో గ్లెన్ బర్టన్ 1944లో ఆ సంకరాన్ని వర్ణించాడు. మన దేశంలో మొదటిసారి 1953లో కోయంబత్తూరులోనే అది పుట్టింది. సజ్జకు 14 క్రోమోజోములు, నేపియర్‌కు 28, బిడ్డకు 21. బేసి సంఖ్య కనక గింజ కట్టదు. అదే రైతుకు వరమైంది. గింజ లేని మొక్కను ఏటా కొనుక్కోనక్కర్లేదు, పక్క చేనివాడి దగ్గర రెండు కణుపుల ముక్క తెచ్చి నాటితే చాలు. తర్వాత తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం విడుదల చేసిన రకాల్లో 2008 నాటి సీవో-4 ఆంధ్ర, తెలంగాణ రైతులకు కూడా బాగా తెలుసు. నాటిన 75 రోజులకు మొదటి కోత, ఆపైన నలభై అయిదు రోజులకొకటి, ఏడాదికి ఏడు కోతలు. హెక్టారుకు ఏడాదిలో 380 నుంచి 400 టన్నుల పచ్చిమేత. కొరంగాడు గడ్డిని ఎరిగిన నేలమీద ఇది చిన్న మాట కాదు. ఇప్పుడు రాష్ట్రాలన్నీ గడ్డి కణుపులకు, మేత ముక్కలు చేసే యంత్రాలకు సబ్సిడీ ఇస్తున్నాయి. మంచిదే. కానీ మళ్ళీ అదే ప్రశ్న: కణుపు ఎక్కడ నాటాలి?

2011 సెప్టెంబరు 15న జయలలిత ప్రభుత్వం ఇంకో అడుగు వేసింది. మూడోవంతు కాదు, ఆవు మొత్తం ఉచితం. ఏటా 12,000 ఆవులు, ఐదేళ్ళలో 60,000. పేద స్త్రీ పేరుమీద, అదీ పాల సొసైటీ లేని ఊళ్ళలో. ఆవు ఇచ్చి, ఆ ఆవులతో ఊళ్ళో సొసైటీ పుట్టించాలన్న ఆలోచన. ఆడవాళ్ళ పేరుమీద ఆస్తి ఇవ్వడం నిజంగా గొప్ప పని. అప్పు లేదు కనక వాయిదా బెంగ లేదు. కానీ అరుంధతీయుల వీధిలో సంకరజాతి ఆవును అందుకున్న అమ్మకు మర్నాటి నుంచే మొదలయ్యేది మేత వేట. నాటు ఆవు ఎండుచొప్ప తిని బతుకుతుంది. ఇది రోజుకు ఇరవై, పాతిక కిలోల పచ్చిగడ్డి అడుగుతుంది. తోట యజమాని కోసుకోనిస్తే కోస్తుంది, వద్దంటే రోడ్డు పక్క వెతుకుతుంది. గడ్డి కోసే ఆ రెండు మూడు గంటలు కూలి పోయినట్టే. దాణా కొంటే పాల డబ్బు దాణాకే సరి.

లీటరు మీద ఇచ్చే డబ్బూ ఇలాంటిదే. 2023 డిసెంబరు 18 నుంచి తమిళనాడు ప్రభుత్వం ఆవిన్‌కు పాలు పోసేవారికి లీటరుకు మూడు రూపాయల ప్రోత్సాహకం ఇచ్చింది, ఆవు పాల ధర 35 నుంచి 38 రూపాయలైంది. తెలంగాణలో విజయ డెయిరీకి పోసే రైతుకు లీటరుకు నాలుగు రూపాయలని 2014లోనే మొదలుపెట్టారు. పోసిన పాలకే డబ్బు కనక దళారికి చోటు లేదు, సబ్సిడీల్లో ఇంత శుభ్రమైనది ఇంకొకటి లేదనే అంటాను. కానీ ఎక్కువ పాలు పోసేవారికే ఎక్కువ వస్తుంది. ఎక్కువ పాలకు గడ్డి కావాలి, గడ్డికి నేల కావాలి.

ఇప్పుడు లెక్క మొత్తం వేసి చూడండి. బావి ఉన్న ఇంటికి ఉచిత కరెంటు, ఉచిత నీరు, సబ్సిడీ గడ్డి, సబ్సిడీ యంత్రం, లీటరుకు మూడు రూపాయలు, పైన ఆవుమీద పావువంతు. బావి లేని ఇంటికి ఆవుమీద మూడోవంతు, లేదా ఆవు మొత్తం. అంతే. వెంకటప్పయ్య సంఘం చూసిన అసమానత, దాన్ని తీర్చడానికి పుట్టిన పథకం పక్కనుంచే మళ్ళీ లోపలికి వచ్చింది. ఆవుకు ధరకట్టి అందులో మూడోవంతు లెక్కకట్టగలిగాం. ఆవు నిలబడే నేలను లెక్కలోకి తీసుకోలేదు.

దీనికి పరిష్కారం పెద్ద ఖర్చుతో కూడినది కాదు. సీవో-4 గడ్డి ఎకరానికి ఏడాదిలో 160 టన్నులిస్తుంది, సెంటుకు 1,600 కిలోలు. పది సెంట్లలో ఏడాదికి 16 టన్నులు, రోజుకు దాదాపు 44 కిలోలు. పేదవాళ్ళ చేతిలో నీరు తక్కువై దిగుబడి సగానికి సగం పడిపోయినా రోజుకు 22 కిలోలు, ఒక ఆవుకు చాలు. ఊరుమ్మడి బంజరు, చెరువు శిఖం, పంచాయతీ బోరు పక్కనున్న ఖాళీ జాగా, ఏదైనా సరే ఆడవాళ్ళ సంఘాలకు దీర్ఘకాలం కౌలుకిచ్చి గడ్డి పెంచుకోనిస్తే సరిపోతుంది. మేట్టుపాళయంలోనే 1990 నుంచి అటవీ కళాశాల ఉంది. అవిసె, సుబాబుల్ లాంటి మేతచెట్లను గట్లమీద ఎలా పెంచాలో చెప్పగలవాళ్ళు అక్కడే ఉన్నారు.

కాబట్టి ఈ పథకాలు రాసే అధికారులకూ, వాటిని ప్రకటించే నాయకులకూ, దరఖాస్తు నింపిపెట్టే చదువుకున్న పిల్లలకూ ఒక్కటే విన్నపం. మీ ఊళ్ళో భూమిలేని ఇంటికి పాడిపశువు మంజూరైతే, ఆ ఆవుతోపాటే పది సెంట్ల గడ్డి నేల కూడా అడగండి. అడగడానికి గడి లేకపోతే, ఆ కాగితం మీదే గడి గీసి అడగండి.